పేరు రాయని పొట్లం

ఆయన భయస్తుడని మా ఊళ్ళో చెప్పుకునే మాట శుద్ధ అబద్ధం.

ఆయన దినాల రోజు విస్తళ్ళ ముందు కూర్చుని కూడా అదే మాట. "మంచోడే పాపం, గానీ పిరికోడప్పా. బ్యాటరీలోడై ఉండి బ్యాటరీ అంటేనే భయం. ఒగటి కాలిందో లేదో, బండ్ల ప్యాకులు కట్టేదే ఇడిసిపెట్టినాడు" అని ఒకాయన పప్పు కలుపుకుంటూ తీర్పు చెప్పాడు. చుట్టూ నలుగురు తలలూపారు. ఆ నలుగురిలో ఇద్దరి మందు కొట్టే స్ప్రేయర్లు ఈ రోజుకీ ఆయన కట్టిన ప్యాకుల మీదే నడుస్తున్నాయి. నేనూరుకుంటానా? ఆయన అంత పిరికివాడైతే ఆయన బ్యాటరీలను అన్నేళ్ళు మీ వీపుల మీద ఏ ధైర్యంతో మోశారని అడిగాను. ఫిజిక్సు మేడమ్‌తో వాదనకు దిగితే వడలు చల్లారిపోతాయని ఎవరో గొణిగారు, అంతే.

వాదనలో గెలిచాను. నేనెప్పుడూ గెలుస్తాను, అదొక జబ్బు నాకు. కానీ ఆ రోజు చెప్పింది సగమే. ఆ ఒక్క ప్యాకు ఎందుకు కాలిందో చెప్పలేదు. మిగిలిన సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ముందు మనిషిని చూపించాలి.

వేంపల్లెలో రాయచోటి రోడ్డు మొదట్లో, సిమెంటు దుకాణానికీ టైర్ల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న ఒక గది ఆయనది. దుకాణానికి పేరు లేదు. అందరూ చీనీకాయలాయన అనేవాళ్ళు. బ్యాటరీల్లోకి రాకముందు ఇరవై ఏళ్ళ పైచిలుకు చీనీకాయల మండీలో, అంటే బత్తాయిల మార్కెట్లో, కాయలు సర్దిన మనిషి. నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు. టీచరును కాదు, కాలేజీలో లెక్చరరునని మొదటి ఏడాదిలోనే నాలుగైదు సార్లు దిద్దాను. "అట్లనేలే టీచరమ్మా" అన్నాడు ప్రతిసారీ.

గదిలో బల్ల ఉండేది కాదు. మోకాలెత్తున రాళ్ళు పేర్చి, వాటి మీద నున్నటి కడప బండ పరిచి ఉండేది. ఇనుప బల్ల మీద బ్యాటరీ విప్పేవాడికి ఒంట్లో బాగాలేదేమో అని ఆయన అనుమానం. రోజూ పొద్దున ఆ బండను పొడిగుడ్డతో తుడిచి, అరచేత్తో ఒకసారి తడిమి, చేతికి చెమ్మ తగల్లేదని నమ్మకం కుదిరాకే సెల్లులు బయటికి తీసేవాడు.

సెల్లు అంటే బొటనవేలంత గొట్టం. స్కూటరు ప్యాకులో అలాంటివి వందకు పైగా పడతాయి. దాని ఒళ్ళంతా మైనస్సే. నెత్తిన చిన్న బొడిపె మాత్రం ప్లస్సు. రెంటికీ మధ్య గోరంత మందం కూడా లేని ప్లాస్టిక్కు తొడుగు. అది ఎక్కడన్నా చిరిగి, పైన వేసిన నికెల్ పట్టీ అంచు అక్కడ ఒరుసుకుందంటే ఆ సెల్లు వేడెక్కుతుంది, పక్కదాన్ని వేడెక్కిస్తుంది, ఇక ఆపేవాడుండడు. అందుకని ప్రతి సెల్లు నెత్తినా ఆయన గట్టి కాగితంతో చేసిన ఉంగరం ఒకటి అంటించేవాడు. ఆ ఉంగరాలను ఇంట్లో ఆయన భార్య కొట్టేది, చెప్పుల పనివాళ్ళు తోలుకు చిల్లులు వేసే పంచితో. చాటలో పోసి తెచ్చేది, ఒడియాలు తెచ్చినట్టు.

సెల్లును ఆయన సెల్లు అనేవాడు కాదు. కాయ అనేవాడు. "కాయకూ కాయకూ తగలగూడదు. నడాన ఊపిరాడల్ల" అనేది ఆయన మాట. మండీలో కాయకు కాగితం చుట్టి, గడ్డి పరిచి, ఒకదాని ఒళ్ళు ఇంకోదానికి ఆనకుండా పెట్టెలో కూర్చోబెట్టిన వేళ్ళే ఇక్కడా పనిచేసేవి. ప్యాకు పూర్తయ్యాక దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళు మూసుకుని, మూలమూలకూ వాసన చూసేవాడు. కారే సెల్లుకు తియ్యటి వాసన ఒకటి ఉంటుంది. మీటరు చెప్పకముందే ఆయన ముక్కు చెప్పేది. నేను నమ్మలేదు. మూడు ప్యాకులు వరసగా పెట్టి, ఏది కారుతోందో చెప్పమని ఒకసారి పరీక్ష పెట్టాను. చెప్పాడు. అయినా ఒక్కసారి సరిపోతే రుజువైనట్టు కాదని వాదించాను. "ఇంగో మూడు తెచ్చుకో పో" అన్నాడు.

బండకు మూరెడు ఇవతల నేల మీద సుద్దముక్కతో గీసిన గీత ఉండేది. వాచీ, ఉంగరం, మెడలో గొలుసు, జేబులో తాళం చెవులు, ఏ లోహం ఉన్నా సరే, గీత దాటకూడదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను దాటాను. ఆయన తలెత్తకుండానే అన్నాడు:

"టీచరమ్మా, గాజులు తీసి రా. లేదంటే ఆన్నే నిలబడు."

పెళ్ళినాటి గాజులవి, ఎప్పుడూ తీసింది లేదు. నాకు ఒళ్ళు మండింది. "పాతికేళ్ళుగా పిల్లోళ్ళకు కరెంటు పాఠం చెప్తాండా. నాకే షార్టు సర్క్యూటు గురించి చెప్తాండావా అన్నా?"

"నీకు చెప్పేదేముండాది. గాజులకు చెప్తాండా. అవి సదువుకోలేదు గదా."

గీత ఇవతలికి జరిగి, ఆన్నే నిలబడ్డాను. అలా వాదనలో నన్ను ఓడించిన మనుషులు తక్కువ.

ఆయన ఎడమచేతి ఉంగరపు వేలికి ఉంగరం లేదు, ఉంగరం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ చుట్టూ తిరిగి ఉండేది. మొదటి రోజుల్లో ఒక ప్యాకు విప్పుతుంటే ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య ఆ ఉంగరమే వంతెనైంది. క్షణంలో ఎర్రగా కాలి, కండలోకి దిగింది. ఇది ఆయన నాకు రహస్యంగా చెప్పుకున్న సంగతి కాదు. ఎవరొచ్చినా చూపించేవాడు, దానికొక పద్ధతి కూడా ఉండేది.

గోడకు కొట్టిన అరమీద ఒక బిస్కెట్ల డబ్బా. అందులో చీనీకాయలకు చుట్టే పల్చటి కాగితంతో కట్టిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఒక్కో కాలిన వస్తువు. మాడిన సర్క్యూటు బోర్డు ముక్క, కరిగిన తీగ, కొస తెగిన సూది. ప్రతి పొట్లం మీదా మూడు గీతలు గీసి, పెన్సిలుతో మూడు సంగతులు రాసేవాడు: పేరు, ఊరు, తప్పు. గండి దారిలో తోట ఉన్న రైతు, ప్యాకు మీది తొడుగును కొడవలితో కోశాడు. రాయచోటి ఆటోడ్రైవరు, ప్యాకు మీద పానా పెట్టి మరిచిపోయాడు. పక్కవీధి కుట్టుమిషను ఆమె, బ్యాటరీ ఉన్న సొరుగులోనే సూదులు దాచింది. ఎవరన్నా ప్యాకు తెచ్చి తొందర పెడితే ఒక పొట్లం విప్పి, పేరుతో సహా చదివి వినిపించేవాడు. ఆ పేరున్న మనిషి ఎదుట నిలబడి ఉన్నా చదివేవాడు. ఒక మాజీ సర్పంచి తన పేరు కొట్టేయమని మనిషిని పంపితే, మాజీ అన్నది కావాలంటే కొట్టేస్తాను గానీ పేరు కొట్టేయనని చెప్పి పంపాడట. ఉంగరం ముక్క ఉన్న పొట్లం మీద ఆయన పేరే ఉండేది. అందరికంటే ఎక్కువసార్లు చదివింది అదే.

ఈ డబ్బా సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక కుండ. పిరికివాడన్న పేరు అసలు మొదలైంది ఆ కుండ దగ్గరే. కొత్తగా కట్టిన ప్యాకును ఆయన వెంటనే ఇచ్చేవాడు కాదు. పంచలో నీడపట్టున సగం దాకా పాపాఘ్ని ఏటి ఇసుక పోసిన పెద్ద నీళ్ళబాన ఉండేది. ప్యాకును అందులో దించి, పైన బండ మూసి మూడు రోజులు ఉంచేవాడు. ప్యాకుకు పురుడు పోస్తాండాడు అని టైర్ల దుకాణం వాళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళు. ఏదో పూజ చేస్తాడని కొందరు, పేలుతుందేమోనన్న భయంతో దాస్తాడని కొందరు. పూజా లేదు, భయమూ లేదు. బానలోకి దించేముందు ఒక్కో వరుస సెల్లుల వోల్టేజీ కొలిచి ప్యాకు మీదే రాసేవాడు. మూడో రోజు మళ్ళీ కొలిచేవాడు. అన్ని వరుసలూ అంతే ఉంటే సరి. ఒక్క వరుస దిగిపోయి ఉంటే లోపల ఎక్కడో కంటికి కనపడని దారి ఒకటి కరెంటును తాగేస్తోందని అర్థం. పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంది. ఆయన పుస్తకం చదవలేదు. మండీలో ఒక్కో తోట కాయల్లోంచి నాలుగు తీసి కిటికీలో పెట్టి, మూడొద్దులకు వాటి తీరు చూసి, ఏ తోట కాయ లారీ ప్రయాణానికి తట్టుకుంటుందో చెప్పేవాడట. అదే పని ఇది.

ఇంకో అలవాటు. ప్రతి ప్యాకుకూ బయటికి వేలాడేలా నవారు పట్టీ ఒకటి కుట్టేవాడు. ఎప్పుడన్నా పొగ వస్తే చెయ్యి పెట్టొద్దు, కట్టెతో నవారు పట్టి లాగి ఇసుకలో పడెయ్యి అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. పిరికివాడు పొగ రాదని చెప్తాడు. ఈయన వస్తే ఏం చేయాలో చెప్పాడు. తేడా తెలియనివాళ్ళకు నేనేం చెప్పను?

ఇప్పుడు మా నాయన సంగతి ఒకటి చెప్పాలి. మా చీనీతోటలో బోరు మోటరు స్టార్టరు ఊరికే ఎగిరిపోయేది. కరెంటు ఎక్కువ తక్కువలైతే మోటరు కాలకుండా అది తనంతట తానే ఆపేస్తుంది. మా నాయనకు అది మోసంగా తోచేది. వేపపుల్ల విరిచి, స్టార్టరు మీట మళ్ళీ ఎగరకుండా సందులో దోపేవాడు. ఏడాదికి ఒక మోటరు కాలేది. ప్రతి ఏడాదీ మోటరునే తిట్టేవాడు. మా సీమలో సగం మంది రైతులు ఇంతే. ఆపేది ఏదైనా సరే, అది మా పనికి అడ్డం, దాన్ని కట్టేయాలి. బ్యాటరీలకు కూడా అదే తెచ్చారు. ప్యాకులో బోర్డు అని ఒకటుంటుంది. బరువు ఎక్కువైనా, ఎక్కడన్నా తీగలు కలిసినా, ఏ వరుసకైనా ఛార్జింగు మితిమీరినా అది కరెంటు తెంపేస్తుంది. చాళ్ళ మధ్యలో స్ప్రేయరు ఆగిపోయిందంటే రైతు నేరుగా దుకాణానికొచ్చి, బోర్డు పీకేసి డైరెక్టు చెయ్యమనేవాడు. వీధిలో మిగతా దుకాణాలవాళ్ళు చేసేవాళ్ళు. ఈయన చేసేవాడు కాదు. "నేను చెయ్య" అని రెండే మాటలు. మూడోది ఉండేది కాదు. మా నాయన పుల్ల కథ చెబితే ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, ఆ పుల్ల ఒకటి ఉంటే తెచ్చివ్వు, పొట్లం కడతానన్నాడు.

ఒకసారి మా కాలేజీకి వచ్చాడు, కరెంటు పోతే వెలిగే దీపాల బ్యాటరీలు మార్చడానికి. ల్యాబులో తీగ చుట్ట ఒకటి చూసి ఆగిపోయాడు. పాతకాలపు రాగితీగ అది, పైన ప్లాస్టిక్కు బదులు ఆకుపచ్చ నూలు చుట్టి ఉంటుంది. ప్రాక్టికల్సుకు అదే వాడతాం. మా ఊళ్ళో ఇంకెక్కడా దొరకదు. "రాగికి చీరె కట్టినట్ల ఉండాదే" అని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. మూరెడు కోసిచ్చాను. దాన్ని ఆయన దేనికీ వాడలేదు. దుకాణం గోడకు మేకు కొట్టి దానికి వేలాడదీశాడు. అడిగినవాళ్ళకు టీచరమ్మ ఇచ్చిందని చెప్పేవాడు.

నా స్కూటరు ప్యాకు ఆయనే కట్టాడు. రెండేళ్ళు మాట రాలేదు. మా కాలేజీ ఊరి బయట గుట్ట మీద. ఒక ఎండాకాలం మొదట్లో ఆ ఎక్కుడులో బండి ఆగిపోవడం మొదలుపెట్టింది. వెనక కెమిస్ట్రీ మేడమ్, ముందు రికార్డుల మూట, నడిరోడ్డు మీద నేను. తీసుకెళ్ళాను. కొలిచాడు, వాసన చూశాడు. ఒక వరుస వెనకబడుతోంది, బోర్డు దాన్నే కాపాడుకుంటోంది, మూడొద్దులు బానలో పెడితే ఏ కాయో తేలుతుంది, మార్చేస్తానన్నాడు. ప్రాక్టికల్సు నడుస్తున్నాయి, బండి లేకుండా మూడు రోజులు కుదరదన్నాను. ఆటోలో పొమ్మన్నాడు. ఆటోవాళ్ళు గుట్ట ఎక్కరన్నాను. మాటా మాటా పెరిగింది. నీ బానకు నా ఉద్యోగం తెలియదన్నాను. బండి తోలుకొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ల్యాబు వెనక గదిలో తలుపు మూసుకుని ప్యాకు విప్పాను. గాజులు తీసే విప్పాను, అంత మాత్రం బుద్ధి ఉంది. బోర్డు మీద ఏ రెండు చుక్కలు కలిపితే కరెంటు దాన్ని అడక్కుండా పోతుందో ఎం.ఎస్సీ. చదివినదానికి తెలియదా? ఆ నూలు తీగ చుట్టలోంచి బెత్తెడు కోసి, రెండు చుక్కలకూ టంకం వేసి, బోర్డు మీది కాగితం మళ్ళీ కప్పేశాను. పది నిమిషాల పని. సాయంత్రం బండి ఇద్దరితో, మూటతో, గుట్టను జింకలాగా ఎక్కింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అంత చదివి, చివరికి మా నాయన వేపపుల్లే దోపానని నాకు అప్పుడు తోచలేదు.

ఛార్జరుకు ప్యాకు మొత్తం సంగతి తెలుస్తుంది గానీ వరుస వరుసకూ ఏముందో తెలియదు. అది చూసుకునేది బోర్డే. బోర్డు నోరు నేను కట్టేశాను. పదో రోజో పదకొండో రోజో, కాలేజీ వరండా పక్కన ఛార్జింగుకు పెట్టిన బండి సీటు కింద నుంచి పొగ లేచింది. నేను క్లాసులో ఉన్నాను. పరుగెత్తుకొచ్చేసరికి మా అటెండరు వెదురు కర్రతో నవారు పట్టీ పట్టి ప్యాకును బయటికి లాగి, కొత్త గదుల కోసం పోసిన ఇసుకకుప్పలో పడేసి, పారతో కప్పుతున్నాడు. సీటు కాలింది. మనిషికి ఏమీ కాలేదు. అంటే ఏమిటి? ఆయన చెప్పిన మాట ప్రకారం ఆయన కుట్టిన పట్టీయే పనిచేసింది. కానీ ఫోన్లలోకి ఎక్కింది పొగ.

ఆయనకు ఎవరు కబురు పెట్టారో తెలియదు. మోపెడ్ మీద, వెనక ఇసుక పోసిన చిన్న బాన కట్టుకుని వచ్చాడు. పిల్లలు, లెక్చరర్లు, ప్రిన్సిపాలు, అందరూ గుంపు కట్టి ఉన్నారు. "ఏమప్పా, మా మేడమ్‌ను సంపుదామనుకున్యావా?" అన్నాడు ప్రిన్సిపాలు. ఆయన గొంతుక్కూర్చుని, చెక్కముక్కతో ఇసుక తప్పించి, మాడిన కాగితం ఒక మూల ఎత్తాడు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. కాగితం కింద బెత్తెడు తీగలో రెండు వేళ్ళ మేర కాలకుండా మిగిలి ఉంది. ఆకుపచ్చగా.

ఎంతసేపు చూశాడో చెప్పలేను. తల తిప్పి నా వంక చూస్తాడనుకున్నాను. చూడలేదు. ఎత్తిన కాగితాన్ని మళ్ళీ కప్పి, బొటనవేలితో అంచు నొక్కాడు, చీనీకాయకు కాగితం చుట్టి చివర నొక్కినట్టు. లేచి నిలబడి అన్నాడు:

"ప్యాకు నేను కట్టిందే సార్."

అది నిజమే. కట్టింది ఆయనే. కానీ అక్కడున్న వాళ్ళందరికీ అది తప్పు ఒప్పుకున్నట్టు వినిపించింది. నాకూ తెలుసు, అలాగే వినిపిస్తుందని. ప్యాకును బానలో పెట్టుకుని పోతూ ఒక్కసారి ఆగాడు.

"టీచరమ్మా, చెయ్యేమన్నా కాలిందా?"

"లేదన్నా" అన్నాను.

ఎదుటివాడి మాటకు జవాబు చెప్పకుండా వదలని నేను ఆ రోజు అన్నది అదొక్కటే. ఉద్యోగం పోతుందని కాదు, పోయేది కాదు. ఎదురుగా నలభై మంది పిల్లలు. నెల కిందటే వాళ్ళకు ఫ్యూజు ఎందుకు పెడతారో నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పాను. వాళ్ళ ముందు నోరు రాలేదు. ఆ తర్వాత వాళ్ళు లేని చోట కూడా రాలేదు.

ఆ వీడియో సాయంత్రానికల్లా రాయచోటి దాకా పోయింది. చీనీకాయలాయన బ్యాటరీ కాలేజీలో పేలిందన్నారు. పేలలేదు, కాలింది, అదీ ఒక మూల. ఎవరు వింటారు? ఆటోల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ప్యాకులు తిరిగి ఇచ్చేశారు. స్కూటర్ల వాళ్ళు వీధి చివర దుకాణానికి పోయారు, డైరెక్టు చేసిపెట్టే దుకాణానికి. బండ్ల ప్యాకులు కట్టడం ఆయన భయపడి మానలేదు. కట్టమని అడిగేవాళ్ళు మానేశారు. స్ప్రేయర్లు, దీపాలు మిగిలాయి. ఊరు ఈ రెండింటినీ తారుమారు చేసి చెప్పుకుంటోంది, తారుమారు చేయనిచ్చింది నేను.

రెండు వారాల తర్వాత పిలవకుండానే కొత్త ప్యాకు తెచ్చాడు. మూడు రోజులు బానలో ఉన్న ప్యాకు. ఆయన కట్టిన ఆఖరి స్కూటరు ప్యాకు అదే. దానికి ఒక కొత్త ఏర్పాటు ఉంది: ఫ్యూజును లోపల కాకుండా బయట, చిన్న మూత కింద పెట్టాడు. గాజులు ఉన్న చేత్తో కూడా మార్చుకోవచ్చు. చీనీ కాగితంలో చుట్టిన ఐదు ఫ్యూజులు నా చేతిలో పెట్టాడు.

"ఎగిరిందంటే ఇంగోటి ఏసుకో. లోపలికి పోయే పన్లేదు నీకు."

నేను ఆ కాగితం విప్పి ఫ్యూజులు లెక్కపెట్టాను.

"ఫ్యూజు ఎగిరిందంటే అది చెడిపోయినట్ల గాదు టీచరమ్మా. పని చేసినట్ల."

నిజం చెప్పడానికి ఆ తర్వాత మూడుసార్లు దుకాణానికి పోయాను. మొదటిసారి పోయినప్పుడు మేకు మీద తీగ లేదు. మేకు ఒక్కటే ఉంది. ఎవరన్నా కాలిన తీగనూ గోడ మీది తీగనూ పోల్చుకుంటారని తీశాడా, లేక దాన్ని చూడబుద్ధి కాక తీశాడా, నేనడగలేదు. టీ తెప్పించాడు. స్ప్రేయరు నాజిలు గురించి వాదించుకున్నాం. రెండోసారి ఆయన భార్య ఉంగరాలు కొడుతూ అక్కడే కూర్చుని ఉంది. మూడోసారి నోటిదాకా వచ్చింది. అన్నా, ఆ రోజు, అని మొదలుపెట్టాను. ఆయన గీత వైపు చూపించి, చేతి గాజులు చూసుకో అన్నాడు. ఒక అడుగు దాటి ఉన్నాను. వెనక్కి జరిగాను. మాట కూడా జరిగిపోయింది.

పోయిన నెల గుండెనొప్పితో పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళే లోపలే.

దినాలైన మూడో రోజు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది, కొంగు కింద బిస్కెట్ల డబ్బా పెట్టుకుని. గది ఖాళీ చేస్తున్నారట. ఆమెకు చదువు రాదు. ఏ పొట్లం ఎవరిదో చదివి చెబితే ఎవరిది వాళ్ళకు ఇచ్చేస్తానంది. కాలిన వస్తువులు ఇస్తే ఎవరు తీసుకుంటారక్కా అన్నాను. తీసుకోకపోతే పారేసుకుంటారు, పేర్లు నా ఇంట్లో ఎందుకు అంది. ఒక్కొక్కటే చదివాను. గండి దారి రైతు. ఆటోడ్రైవరు. సూదుల ఆమె. మాజీ సర్పంచి. ఆయన ఉంగరం పొట్లాన్ని ఆమె నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

అడుగున ఒకటి మిగిలింది. విప్పకముందే తెలిసింది. రెండు వేళ్ళ మేర ఆకుపచ్చ నూలు తీగ, ఒక కొస నల్లగా. దాంతో పాటు మడత పెట్టి, మేకు మీద ఉండిన మూరెడు తీగ. పొట్లం మీద మూడు గీతలు. పేరు దగ్గర ఏమీ లేదు. ఊరు దగ్గర ఏమీ లేదు. తప్పు దగ్గర మాత్రం ఆయన పెన్సిలు అక్షరాలు: మూడొద్దులు ఆగలేదు.

"ఇది ఎవరిదమ్మా, పేరు చదవలేదు నువ్వు" అంది ఆమె.

"నాదక్కా."

ఆమె నా ముఖం వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు జవాబులుండేవి.

"ఆయప్ప ఉండంగా చెప్పింటే బాగుండు" అంది. డబ్బాలో దొర్లుతున్న పెన్సిలు ముక్క తీసి నా ముందు పెట్టింది. "రాయి మరి."

రాశాను. పేరు, ఊరు. పొట్లం నా దగ్గరే ఉంది, ఆ ఐదు ఫ్యూజుల పక్కన. ఇది అచ్చయ్యాక ఊరివాళ్ళు చదువుతారు, నా గురించి ఏమన్నా అనుకోనీ, ఆయన గురించి ఇక ఆ మాట అనకూడదు.

కానీ నా వాదన ఇంకా తెగలేదు, అన్నా. సర్పంచినే వదలని వాడివి, నీ పేరు నువ్వే రాసుకున్నవాడివి, నా ఒక్కదాని దగ్గర పెన్సిలు ఎందుకు ఆపావు? ఆడదాన్ననా? చదువుకున్నదాన్ననా? ఆ రెండింట్లో ఏదైనా సరే నేను ఒప్పుకోను. అవి కాకపోతే ఇంకొక్కటే మిగిలింది, నా మీద అభిమానం, అది అవునో కాదో చెప్పడానికి నువ్వు లేవు. ఆ ఖాళీ నన్ను దాచడానికి వదిలావా, ఏదో ఒక రోజు నేనే వచ్చి నింపుతానని వదిలావా?